కవరు మీద ఎవరి బొమ్మ?

సినిమాకు బయట పుట్టిన పాటను మనం "ప్రైవేటు పాట" అంటాం. ఎవరు పెట్టారో కానీ తమాషా అయిన పేరు. అంటే సినిమా పాట సర్కారుదన్నమాట! మిగతావన్నీ దాని అనుమతితో బతికే చిల్లర దుకాణాలు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో ఊరూరా తిరిగిన "మా తెలుగు తల్లికి" ప్రైవేటు పాటే. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత కూడా, ఇప్పటికీ ప్రతి చావింటి ముందూ మోగుతున్నా సరే, ప్రైవేటే. కాబట్టి 2000 ప్రాంతంలో స్మిత "హాయ్ రబ్బా" వచ్చినప్పుడు "తెలుగులో సినిమా కాని పాట మొదటిసారి అమ్ముడుపోయింది" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ ఆ ఆల్బం ఒక కొత్త పని చేసింది. అదేమిటో నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

మాది బోరంచ. మంజీర ఒడ్డున నల్లపోచమ్మ గుడి ఉన్న ఊరు. అప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి. ఏ పని పడినా నారాయణఖేడ్ పోవాలి, ఇంకా పెద్ద పనైతే బీదర్. ఇంట్లో తెలుగు, అంగట్లో ఉర్దూ, చుట్టాల్లో సగం మందికి కన్నడ, తండాల్లో లంబాడీ. అందుకని తెలుగు ఆల్బానికి పంజాబీ పేరు పెట్టారని పట్నం వాళ్ళు ముక్కు విరిచి ఉంటే ఉండవచ్చు, మాకేమీ వింత అనిపించలేదు. "యా రబ్" అని నిట్టూర్చే ముసలమ్మలు మా గల్లీలోనే ఉండేవారు.

నారాయణఖేడ్‌లో ఒక క్యాసెట్ల దుకాణం ఉండేది. అక్కడ రెండు వ్యాపారాలు. ఒకటి కంపెనీ క్యాసెట్లు అమ్మడం. రెండోది, మనం చిట్టీ రాసిస్తే ఖాళీ క్యాసెట్టులో ఆ పాటలు నింపివ్వడం. పటుకు ఆరు, అటు ఆరు ఇటు ఆరు, మొత్తం పన్నెండు పాటలు. చిట్టీలో ముందు సినిమా పేరు, పక్కన పాట మొదటి ముక్క రాయాలి. సినిమా పేరు తెలియకపోతే హీరో పేరైనా రాయాలి. పాడిందెవరో రాసే అలవాటు ఎవరికీ లేదు. అలాంటి చిట్టీల మీద నేను మొదటిసారి "స్మిత పాట" అని రాసి ఉండటం చూశాను. సినిమా లేదు, హీరో లేడు. మనిషి పేరే పాటకు చిరునామా. ఒక ఆల్బం గెలిచిందా లేదా అనడానికి నాకు తెలిసిన కొలత ఆ చిట్టీయే. కంపెనీలు చెప్పే లక్షల లెక్కలకన్నా దాన్నే నమ్ముతాను.

ఇది గాల్లోంచి ఊడిపడిన విజయం కాదు. 1995లో ఈటీవీ మొదలైంది. మరుసటి ఏడాది అందులో బాలసుబ్రహ్మణ్యం "పాడుతా తీయగా" మొదలుపెట్టారు. బెజవాడ అమ్మాయి స్మిత జనానికి తెలిసింది ఆ వేదిక మీదే. పాడేవాళ్ళ ముఖాలు ఇంటింటికీ చేరడం అప్పుడే మొదలు. అదే 1995లో హిందీ వైపు దలేర్ మెహందీ తన తొలి ఆల్బం "బోలో తా రా రా"తో దేశమంతా ఊపేశాడు. ఆ గాలిలో వచ్చిన తెలుగు ఆల్బం పంజాబీ పేరు పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇక్కడే నా మొదటి ఫిర్యాదు కూడా. దరువు అక్కడ కుట్టిన అంగీ, మాటలు ఇక్కడి ఒళ్ళు. కొన్నిచోట్ల సరిపోయింది, కొన్నిచోట్ల భుజం దగ్గర పట్టేసింది. తెలుగు పాప్‌కి తనదైన నడక ఉండాలనే ఆలోచన ఆ రోజుల్లో అమ్మేవాళ్ళకూ లేదు, కొనేవాళ్ళకూ లేదు.

అయితే గొంతు విషయం వేరు. మన సినిమా గొంతుల్ని రెండు గదుల్లో పెట్టింది. సన్నగా, తేనెలా జారే గొంతులు హీరోయిన్‌కి. కాస్త బరువు, కాస్త గరుకు ఉన్న గొంతులు క్లబ్బు పాటలకి. ఎల్. ఆర్. ఈశ్వరికి తెలుగు సినిమా ఎక్కువగా ఇచ్చింది ఆ రెండో గదినే. స్మిత గొంతు కూడా బరువున్న గొంతే. సినిమా అయితే ఆ గొంతును ఏ గదిలోకి తోసేదో ఊహించడం కష్టం కాదు. ఆల్బంలో ఆ బెడద లేదు. తన పాటకు తనే హీరోయిన్. పాడేదీ తనే, వీడియోలో ఆడేదీ తనే. బరువు గొంతున్న ఆడపిల్ల తన ముఖం దాచుకోకుండా పాడి, జనంతో ఔననిపించుకోవడం, నా లెక్కలో ఆ ఆల్బం సాధించినది ఇదీ.

తర్వాత "మళ్ళీ మళ్ళీ" ఆల్బం వచ్చింది. పాత సినిమా పాటలకు కొత్త దరువు. అందులో "మసక మసక" మా వైపు పెళ్ళి ఊరేగింపుల్లో మొదటి ఆల్బం పాటలకన్నా ఎక్కువ మోగింది. ఆ పాట 1973 నాటి "దేవుడు చేసిన మనుషులు" లోది. రమేశ్ నాయుడు సంగీతం, పాడింది ఆ ఈశ్వరే. సినిమా అక్కర్లేదని బయల్దేరిన గొంతు తిరిగి సినిమా గుమ్మం దగ్గరికే వచ్చిందని అప్పట్లో నేను ఎగతాళి చేశాను. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను. రెండో గదిలో ఉంచిన ఒక గొంతుకు ముప్పై ఏళ్ళ తర్వాత ఇంకో గొంతు పెట్టిన దండంలా కూడా వినిపిస్తుంది. కానీ వ్యాపారం నేర్చుకున్న పాఠం మాత్రం మొదటిదే. కొత్త పాట అమ్మడం కష్టం, తెలిసిన పాట అమ్మడం సులువు.

నాజియా హసన్ కథ చూసినా అంతే. 1980లో "ఖుర్బానీ"లో బిడ్డు చేసిన ఒక్క పాట పాడి, పదిహేనేళ్ళకే ఫిల్మ్‌ఫేర్ అందుకుంది. 1981లో తమ్ముడు జోహెబ్‌తో కలిసి చేసిన తొలి ఆల్బం "డిస్కో దీవానే" సరిహద్దులు లేకుండా అమ్ముడుపోయింది. తలుపు తెరిచింది సినిమా, లోపలికి నడిచింది ఆల్బం. తేడా ఏమిటంటే, లోపలికి వెళ్ళాక ఆమె కొత్త పాటలే పాడింది. 2000లో, ముప్పై అయిదేళ్ళకే చనిపోయింది. ఆమె ముఖమున్న క్యాసెట్టు ఖేడ్ దుకాణంలో అప్పటికీ అద్దాల వెనక ఉండేది.

ఆ అద్దాలకు ఎదురుగా, నేల మీద పరిచిన గోనెసంచి మీద ఇంకో రకం క్యాసెట్లు ఉండేవి. జాతర క్యాసెట్లు. పోచమ్మ పాటలు, ఒగ్గు కథలు, అయ్యప్ప భజనలు. వాటికి టీవీ లేదు, వీడియో లేదు, పేపర్లో సమీక్ష లేదు. జాతరొస్తే మాత్రం సంచి ఖాళీ అయ్యేది. వాటిలో ఒకదాంట్లో మా చిన్నమ్మ గొంతు ఉంది.

చిన్నమ్మ నాట్లేస్తూ పాడేది, బోనం ఎత్తినప్పుడు పాడేది. ఒకాయన వచ్చి పట్నం తీసుకుపోయి, ఒక్క పూటలో ఎనిమిది పాటలు రికార్డు చేయించి, చీర పెట్టి పంపాడు. క్యాసెట్టు వచ్చింది. కవరు మీద అమ్మవారి బొమ్మ. వెనక "గానం: బృందం" అని ఉంది. ఆ క్యాసెట్టు మూడు నాలుగు జాతరలు అమ్ముడుపోయింది. ఆమె తొలి ఆల్బం, వ్యాపారంగా గెలిచిన ఆల్బం. కానీ దాన్ని ఆల్బం అన్నవాళ్ళు ఎవరూ లేరు, మా ఇంట్లో కూడా.

నేను అప్పుడు కాలేజీ కుర్రవాణ్ణి. స్మిత క్యాసెట్టు చూపించి, "చూడు చిన్నమ్మా, పాడినామె బొమ్మే ఏసిన్రు. నీ బొమ్మ ఎందుకు ఎయ్యలే?" అని అడిగాను.

"నా బొమ్మ ఎందుకు బిడ్డా, అమ్మోరి బొమ్మ ఉంటె సాలదా?" అంది. కాసేపాగి, క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "పేరన్న ఏస్తె మంచిగుండు," అంది.

ఆ రెండో మాట నేను చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. జానపదానికి పేరుండదు, అది అందరిదీ అని పుస్తకాల్లో చదువుకున్నాను కదా! పాట అందరిదే కావచ్చు. పాడిన గొంతు మాత్రం ఒక మనిషిదే. తమిళనాట అదే ఎల్. ఆర్. ఈశ్వరి అమ్మవారి పాటల క్యాసెట్లు ఆడి మాసం వస్తే వీధి వీధినా మోగుతాయి, ఆమె పేరుతోనే. సినిమా క్లబ్బుకు పంపిన గొంతును జాతర నెత్తిన పెట్టుకుంది, పేరుతో సహా. అక్కడ జరిగింది ఇక్కడ జరగకూడని కారణమేమీ లేదు.

"హాయ్ రబ్బా"ను ఈ మధ్య మళ్ళీ విన్నాను. దరువు పాతబడింది, కొన్ని పాటలు చివరిదాకా వినలేకపోయాను. అయినా ఆ ఆల్బం మీద గౌరవం పెరిగింది. పాడిన మనిషి పేరూ ముఖమూ అమ్మకానికి అడ్డం కావని, వాటితోనే అమ్మవచ్చని తెలుగు బజారుకు చూపించింది. బజారు ఆ పాఠాన్ని అద్దాల ఇవతలిదాకా తీసుకురాలేదు. ఆ తప్పు ఆల్బానిది కాదు.

చిన్నమ్మ పాటలు ఇప్పుడు యూట్యూబులో ఉన్నాయి. ఎవరో ఎక్కించారు. దరువు మార్చారు, కింద బొమ్మ అమ్మవారిదే. కామెంట్లలో ఒకరు "ఈ గొంతు ఎవరిది?" అని అడిగారు. రెండేళ్ళ కింది ప్రశ్న. ఎవరూ జవాబివ్వలేదు. మొన్న నేను చిన్నమ్మ పేరు, ఇంటిపేరుతో సహా, కింద రాశాను. పక్కన "బోరంచ" అని కూడా రాశాను.