నీవెవరివాడవు? - జాషువ కావ్యములు అడుగు ప్రశ్న



మన వరంగల్లు పల్లెలలో అనేకులకు రెండు పేర్లు గలవు. బాప్తిస్మమునాడు గుడిలో పెట్టిన పేరొకటి, బడి రిజిస్టరులో వ్రాయించిన పేరొకటి. దీనికి కారణము లేకపోలేదు. షెడ్యూల్డు కులములను గూర్చి 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే వర్తించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను నేటికిని చేర్చలేదు. పిల్లల చదువుకొరకు పేరు దాచుకొన్న తండ్రిని నిందించుటకు నేనీ మాట ఎత్తలేదు. అయితే దాచుకొన్నవాని గుండెలో ఒక ప్రశ్న నిలిచిపోవును: "నేను నిజముగా ఎవరివాడను?" ఈ ప్రశ్నను మనసున నుంచుకొని గుఱ్ఱము జాషువ కావ్యములను చదివి చూడుము.

జాషువ 1895లో వినుకొండలో జన్మించెను. తండ్రి గొల్ల, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవులది. 1941లో వెలువడిన ఆయన "గబ్బిలము"లో ఒక పేద అస్పృశ్యుడు కాశీలోని శివునికి తన మొర పంపుకొనును. కాళిదాసు యక్షునికి మేఘము దూత. ఈతనికి దొరికిన దూత గబ్బిలము. ఇంట దూరినచో అపశకునమని జనులు తరుము ప్రాణి అది. అయినను మనుష్యుని రానీయని గుడిలో అది తలక్రిందుగా వ్రేలాడవచ్చును! పూజారి లేని వేళ చూచి నా మాట చెప్పుమని అతడు దానిని బ్రతిమాలును. కావ్యబలమంతయు ఈ కల్పనలోనే యున్నది. కవి వాదము పెట్టుకొనడు, మూసిన తలుపును చూపించును.

"క్రైస్తవుడు శివునికి మొర పంపుటేమి?" అని మనవారు కొందరు అడుగుదురు. పురాణకథలు వ్రాసినందుకు నాటి క్రైస్తవ పెద్దలు ఆయనను నిరసించిరి కూడ. ఈ విమర్శ సరికాదని నా తలంపు. మొరపెట్టువాడు కావ్యములోని పాత్ర, కవి కాదు. అంతేకాదు, గుడి తలుపు మూసినవారిని గూర్చి వ్రాసిన కవికి మనమును తలుపు మూసితిమి. తలుపు మూయువాడు విశ్వాసమందు బలవంతుడని యెంచకుము. తన స్థానము పోవునేమోయని భయపడువాడే తలుపు మూయును.

ఆ కవియే పిమ్మట "క్రీస్తు చరిత్ర"ను పద్యములలో వ్రాసెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చెను. మన ప్రాంతములో పద్యమనగానే బమ్మెర పోతన జ్ఞాపకమునకు వచ్చును. ఆయన తన భాగవతమును రాజులకు అంకితమియ్యక, తాను నమ్మిన రామునికే ఇచ్చెనని పెద్దలు చెప్పుదురు. తానెవరివాడో ఆయనకు తెలియును. ఆ పద్యమునందే జాషువ నజరేతు వడ్రంగివాని కుమారుని కథ నిలిపెను. క్రైస్తవుడు కాగానే తెలుగు పద్యము పరాయిది కాలేదు. ఒక్క కష్టము మాత్రము కలదు. చదువు తక్కువైనవారికి పద్యము ఒక్కసారి వినగానే లొంగదు, కనుక తెలిసినవారు చదివి అర్థము చెప్పవలెను.

కవి అంతరంగ విశ్వాసమును తూచుట మన పని కాదు. కాని ఆయన జీవితమునుండి మనమొకటి నేర్చుకొనవచ్చును. పెద్దలు నిరసించిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారో, ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. నిందయు సన్మానమును మనుష్యులిచ్చునవే. ఇచ్చినవారే తీసికొనగలరు. వాటిమీద ఇల్లు కట్టుకొన్నవానికి నిద్రపట్టదు.

చదువరీ, నీ పేరు అట్లు మనుష్యుల చేతిలో లేదు. ఏ జనముగాను లెక్కకు రానివారిని దేవుడు తన జనముగా చేసికొనెనని పేతురు తన మొదటి పత్రికలో వ్రాసెను. రిజిస్టరులో ఏమి వ్రాసినను, ఊరివారు ఏమని పిలిచినను, క్రీస్తు నిన్నెరుగును. ఆయనయందు నిలిచినవాడు తన పుట్టుకకు సిగ్గుపడనక్కరలేదు, ఇతరుని చూచి భయపడనక్కరలేదు.

నీకు ఆ నిశ్చయము కలిగెనా? అయితే వచ్చు ఆదివారము నీ గుడిలో చూడుము. ఎవడైనను వాకిట నిలిచియున్నాడా? నీ సంఘములో ఒక కులమువారికి వేరే వరుస, వేరే సమాధుల దొడ్డి కలదా? కలిగినయెడల, మనమెవరివారమో మనకింకను తెలియలేదన్నమాట. ముందు తలుపు తీయుము.