రాబడి పేరు, ఖజానా పూచీ: సౌదీ అరేబియాలో ప్రజానిర్మాణాల రుణం

2012 జనవరిలో సౌదీ అరేబియా పౌరవిమానయాన సంస్థ గాకా, పదేళ్ళ గడువుతో 1,500 కోట్ల రియాళ్ళ సుకూక్ జారీ చేసింది. జెద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయ విస్తరణ కోసం సేకరించిన సొమ్ము అది. రేటు రెండున్నర శాతం. విమానాశ్రయానికి ప్రయాణికుల రుసుము ఉంది, దుకాణాల అద్దె ఉంది, విమానాలు దిగినందుకు వచ్చే సుంకం ఉంది. పైకి చూస్తే ఇది రెవెన్యూ బాండుకు అచ్చమైన ఉదాహరణలా కనిపిస్తుంది. అయితే పత్రం మీద మరొక మాట కూడా ఉంది: అసలుకూ రాబడికీ ఆర్థిక మంత్రిత్వశాఖ పూచీ. ఆ ఒక్క మాటతో మదుపరి చూపు విమానాశ్రయం మీదినుంచి ఖజానా మీదికి మళ్ళింది. రెండున్నర శాతానికి అప్పు పుట్టింది హజ్ యాత్రికుల సంఖ్యను లెక్కగట్టి కాదు, చమురు నిల్వలను తలచుకొని.

రెవెన్యూ బాండు సూత్రం సరళమైనది. అప్పు తీర్చవలసింది పన్నుల మొత్తంనుంచి కాదు, ఆ అప్పుతో కట్టిన వస్తువు సంపాదించే సొమ్మునుంచి. వంతెనకు టోలు, నీటికి బిల్లు, కరెంటుకు మీటరు. వసూళ్ళు చాలకపోతే మదుపరి నష్టపోవాలి. ఆ భయమే అతడిని ముందుగా లెక్కలడిగేలా చేస్తుంది: నీరు ఎందరికి అందుతుంది, ఎంతమంది బిల్లు కడతారు, ధర పెంచే అధికారం ఎవరిది? ఒక్క ఊరికి మోయలేని బరువును నాలుగు ఊళ్ళు కలిసి ఎత్తుకోవడం దీనిలో తరువాతి మెట్టు. అందరి రాబడీ ఒక ఖాతాలో పడుతుంది, అందరి పేరా ఒకే బాండు వెలువడుతుంది, చిన్న పట్టణం కూడా పెద్ద మార్కెట్టు గుమ్మం ఎక్కుతుంది.

సౌదీలో ఈ పని ఏ నగరమూ చేయలేదు. చేయలేకపోవడానికి డబ్బు ఉండడమే కారణమని గల్ఫ్‌లో పనిచేసేవారు తరచుగా అంటుంటారు. ఆ వాదన నిలవదు. 2014 చివరికి ప్రభుత్వ రుణం జాతీయోత్పత్తిలో రెండు శాతం కూడా లేని మాట నిజమే. కాని చమురు ధర కూలిన తరువాత, 2015లో ప్రభుత్వం ఎనిమిదేళ్ళ విరామానికి స్వస్తి చెప్పి మళ్ళీ బాండ్లు అమ్మింది. 2016 అక్టోబరులో తొలి అంతర్జాతీయ బాండుతో ఒక్కసారే 1,750 కోట్ల డాలర్లు తెచ్చింది. కనుక ఆ దేశం అప్పు చేయకుండా లేదు. చేసే అప్పంతా ఒకే సంతకం కింద చేస్తున్నది.

చట్టం మాట వేరుగా ఉంది. 1977 నాటి పురపాలక చట్టం తొలి అధికరణమే మునిసిపాలిటీని ఆర్థిక, పరిపాలనా స్వాతంత్ర్యం గల చట్టబద్ధ వ్యక్తిగా నిర్వచిస్తుంది. ఆచరణలో పద్దు కేంద్రంనుంచి వస్తుంది. ఇతర దేశాల్లో నగరాలకు ఆధారం ఆస్తిపన్ను. సౌదీలో దానికి దగ్గరగా వచ్చినది 2015లో ఆమోదం పొందిన ‘తెల్ల భూముల’ రుసుము. నగరాల లోపల కట్టకుండా వదిలేసిన స్థలాల విలువపై మొదట్లో ఏడాదికి రెండున్నర శాతంగా విధించిన ఈ రుసుము నగరపాలికల చేతికి రాలేదు, గృహనిర్మాణ శాఖకు వెళ్ళింది. సొంత రాబడి లేని సంస్థ దేనిని తాకట్టు పెడుతుంది? మునిసిపల్ మండళ్ళకు 2005లో సగం స్థానాలకు, 2015లో మూడింట రెండు వంతుల స్థానాలకు ఎన్నికలు జరిగాయి. 2015లో మహిళలు మొదటిసారి ఓటు వేశారు. ఆ మండళ్ళకు సలహా చెప్పే నోరు ఇచ్చారుగాని, రుణపత్రం మీద పెట్టే ముద్ర ఇవ్వలేదు.

విచిత్రమేమిటంటే, సిద్ధాంతరీత్యా సుకూక్ సాధారణ బాండుకంటే రెవెన్యూ బాండుకే దగ్గరి చుట్టం. వడ్డీ నిషిద్ధం కనుక మదుపరికి దక్కవలసింది అప్పుపై వడ్డీ కాదు. ఒక ఆస్తిలోనో, వ్యవహారంలోనో ఉన్న వాటాకు వచ్చే రాబడి. నష్టం వస్తే పంచుకోవాలి. ఆ స్ఫూర్తిని ఖజానా పూచీ మింగివేస్తుంది. షరియా పండితులు ఆమోదించిన నిర్మాణం, బ్యాంకరు కళ్ళకు మాత్రం మామూలు సార్వభౌమ రుణం! ఇది సౌదీ లోపం మాత్రమే కాదు, సుకూక్ మార్కెట్టు అంతటా ఉన్న ముడి.

నిజమైన రాబడి పరీక్ష జరిగింది మదీనాలో. అక్కడి విమానాశ్రయాన్ని 2011లో ఇరవై అయిదేళ్ళ ఒప్పందంపై తిబా అనే కూటమికి అప్పగించారు. అందులో టర్కీకి చెందిన తావ్, సౌదీకి చెందిన ఓజెర్, అల్ రాజీ భాగస్వాములు. 2012లో సౌదీ బ్యాంకులు సుమారు 120 కోట్ల డాలర్ల ఇస్లామీ రుణం సమకూర్చాయి. రాబడిలో 54.5 శాతం గాకాకు ఇవ్వాలి. మిగిలినదానిలోంచే అప్పు తీరాలి. 2015లో కొత్త టెర్మినల్ తెరిచారు. ఇక్కడ యాత్రికుల సంఖ్యే తాకట్టు. 2020 ఫిబ్రవరి చివర ఉమ్రా ఆగిపోయినప్పుడు, ఆ ఏడూ మరుసటి ఏడూ విదేశీ హజ్ యాత్రికులకు అనుమతి లేకపోయినప్పుడు, ఆ తాకట్టు ఎంత పెళుసో తెలిసింది. కష్టమైనా ఇది నిజాయితీ గల లెక్క. అయితే ఇందులోనూ మదీనా నగరానికి పాత్ర లేదు.

పలువురి రాబడిని ఒక చోటికి చేర్చిన బాండు కూడా సౌదీలో ఉంది. దానిని జారీ చేసింది అక్వా పవర్ అనే కంపెనీ. 2017లో ఎనిమిది విద్యుత్తు, నీటి ప్రాజెక్టులనుంచి తనకు రాబోయే సొమ్మును జతకట్టి, 2039 వరకు గడువుతో 81.4 కోట్ల డాలర్ల బాండు అమ్మింది. రేటు 5.95 శాతం. ఒక ప్రాజెక్టు తడబడితే మిగిలిన ఏడూ ఆదుకుంటాయన్న ధీమాయే దాని బలం. పట్టణాలు కలిసి చేయవలసిన పనిని ఒక కంపెనీ తన ప్లాంట్లతో చేసి చూపింది.

అదే 5.95 శాతం, కాకతాళీయంగానే, తెలుగువారు బాగా ఎరిగిన మరొక చోట కనిపిస్తుంది. 2005లో బెంగళూరు శివార్లలోని మహదేవపుర, కృష్ణరాజపురం, బొమ్మనహళ్ళి, యలహంక తదితర ఎనిమిది పురపాలక సంస్థలు కావేరి నీటికోసం ఉమ్మడిగా 100 కోట్ల రూపాయల పన్నులేని బాండు జారీ చేశాయి. అసలులో సగానికి అమెరికా అభివృద్ధి సంస్థ పూచీ ఉంది. దానికంటే ముందు, 2002లో, తమిళనాడు చిన్న పట్టణాలు కొన్ని కలిసి 30.41 కోట్లు 9.2 శాతానికి తెచ్చుకున్నాయి. చెల్లింపు తప్పితే రాష్ట్రం ఆ పట్టణాలకు ఇవ్వవలసిన నిధులను మళ్ళించుకునే ఏర్పాటు చేసుకున్నాయి. అంటే ఇక్కడా వెనక పెద్ద ప్రభుత్వం నీడ ఉంది. కాని ముందు నిలబడినవి పట్టణాలే. బెంగళూరు కథకు మాత్రం ఒక వింత మలుపు: 2007లో ఆ ఎనిమిదీ బృహత్ బెంగళూరులో కలిసిపోయాయి. గొట్టాల అప్పు మిగిలింది, అప్పుచేసిన ఊళ్ళు పోయాయి.

తెలుగు రాష్ట్రాల అనుభవం సౌదీని ఎత్తిపొడవడానికి పనికిరాదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో రోడ్లకోసం 8.9 శాతానికి 200 కోట్లు తెచ్చినప్పుడు తాకట్టు పెట్టినది రోడ్ల రాబడి కాదు, ఆస్తిపన్ను. అదైనా దాని సొంత సొమ్ము. అదే ఏడాది ఆగస్టులో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ 10.32 శాతానికి 2,000 కోట్లు తెచ్చింది, రాష్ట్ర ప్రభుత్వ పూచీతో. జెద్దా సుకూక్‌కూ దీనికీ పోలిక చూడండి: జారీ చేసినది ఎన్నికల్లేని అధికార సంస్థ, పూచీ పై ప్రభుత్వానిది. తేడా రేటులో ఉంది. ఆ తేడాలో కొంత దేశాల మధ్యనున్న వడ్డీల వ్యత్యాసం, కొంత పూచీదారు పరపతి. మరుసటి ఏడాది ప్రభుత్వం మారి నిర్మాణం ఆగిపోయింది. చెల్లింపుల బాధ్యత ఆగలేదు.

పూచీ లేకుండా రాబడిని నమ్ముకుంటే రాజకీయం ఎలా అడ్డుపడుతుందో సౌదీ నీటి ధరల ఉదంతం చెబుతుంది. 2015 డిసెంబరు బడ్జెట్టుతో నీటి ధరలు పెంచారు. బిల్లులు చూసి జనం గగ్గోలు పెట్టారు. 2016 ఏప్రిల్‌లో జల విద్యుత్ శాఖ మంత్రిని రాజు తొలగించాడు. నీటి బిల్లు తాకట్టుగా ఒక బాండు అప్పటికే ఉండి ఉంటే, మదుపరులకూ ప్రజలకూ మధ్య ఎటువైపు నిలవాలో ఆ రాజే తేల్చవలసి వచ్చేది. ధర పెంచడం ఒప్పందపు బాధ్యత అయినచోట మంత్రిని తీసివేయడం జవాబు కాదు.

ఉమ్మడి రెవెన్యూ బాండ్లను తలకెత్తుకునేవారు వాయవ్య అమెరికా కథ మరవకూడదు. వాషింగ్టన్ రాష్ట్ర విద్యుత్ సరఫరా వ్యవస్థ నాలుగు, అయిదు నంబర్ల అణు కేంద్రాల కోసం 88 ప్రజా విద్యుత్ సంస్థలతో ఒప్పందం చేసుకుంది: కరెంటు వచ్చినా రాకపోయినా డబ్బు కట్టాలి. 1982లో రెండు కేంద్రాలూ మధ్యలోనే ఆగిపోయాయి. 1983లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, అలా మాట ఇచ్చే అధికారమే ఆ సంస్థలకు లేదని తీర్పు చెప్పింది. 225 కోట్ల డాలర్ల బాండ్లు మునిగాయి. అనేకమంది చేతులు కలిస్తే బలమెంతో, ఎవరి చేతికి ఎంత అధికారముందో ముందే తేల్చుకోకపోతే ప్రమాదమూ అంతే.

సౌదీలో ఆ ప్రమాదం లేదు. ఆ కోర్టు వాదమూ లేదు. నష్టం మరొకచోట ఉంది. 2016లో అంతర్జాతీయ విమానమెక్కే ప్రతి ప్రయాణికుడి టికెట్టులో 87 రియాళ్ళ విమానాశ్రయ రుసుము చేరింది. శంషాబాదు రుసుమును విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ సంప్రదింపుల పత్రం ప్రకటించి, అభ్యంతరాలు విని నిర్ణయిస్తుంది. ఓపిక ఉన్న ప్రయాణికుడు దానిని చదివి తన మాట చెప్పవచ్చు. జెద్దాలో రుసుము నిర్ణయించినదీ గాకాయే, సుకూక్ అమ్మినదీ గాకాయే. ఆ సుకూక్‌ను అమ్మింది సంస్థాగత మదుపరులకు, వ్యక్తిగత కేటాయింపు పద్ధతిలో. కరీంనగర్‌నుంచి, నిజామాబాదునుంచి వెళ్ళి ఆ టెర్మినల్‌లో దిగే కార్మికుడు రుసుము చెల్లిస్తాడు. అది ఏ అప్పుకు జమ అవుతున్నదో చెప్పే కాగితం అతడి వరకు రాదు.