బల్లమీది పాత్రధారణ క్రీడలు – నిత్యజీవితం: విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ‘టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్’ అనే క్రీడారూపం ప్రచురణలోకి వచ్చింది. ఈ పాత్రధారణ క్రీడ ఆటగాళ్ళ నిత్యజీవితాన్ని ఎలా మలుస్తుందన్న ప్రశ్నకు మొదట భయం, తరువాత ప్రశంస సమాధానాలుగా వచ్చాయి. ఆ రెండింటినీ పరిశీలించి, ఈ ప్రభావానికి కల్పిత లోకం కంటే బల్ల చుట్టూ కుదిరే ఒప్పందమే ప్రధాన కారణమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. క్రీడా స్వరూపం:
నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్వాహకులుగా సన్నివేశాన్ని వర్ణిస్తారు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను స్వీకరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు నిర్ణయిస్తాయి. వేషం లేదు, ముందే రాసిన సంభాషణ లేదు, విడిగా ప్రేక్షకులు లేరు. నాటకంలో కవి, నటుడు, సామాజికుడు సాధారణంగా వేర్వేరు వ్యక్తులు. ఇక్కడ ప్రతి ఆటగాడూ ఆ ముగ్గురి పనీ చేస్తాడు.

3. మూడు చట్రాలు:
సామాజిక శాస్త్రవేత్త గ్యారీ అలన్ ఫైన్ మినియాపొలిస్ ప్రాంతపు ఆటగాళ్ళ మధ్య క్షేత్రపరిశీలన జరిపి, 1983లో ‘షేర్డ్ ఫాంటసీ’ గ్రంథాన్ని వెలువరించారు. ఎర్వింగ్ గాఫ్‌మన్ చట్ర విశ్లేషణను ఆధారం చేసుకొని ఆయన మూడు స్థాయులను గుర్తించారు: వ్యక్తి, ఆటగాడు, పాత్ర. “తలుపు తెరుస్తున్నాను” అన్నది పాత్ర మాట. “పాచిక ఎంత పడాలి?” అన్నది ఆటగాడి మాట. “పొద్దుపోయింది, బస్సు దొరకదు” అన్నది వ్యక్తి మాట. ఈ మూడూ ఒకే నోట, ఒకే నిమిషంలో వినిపించవచ్చు. ఎవరూ తికమకపడరు. స్థాయుల మధ్య ఇలా అలవోకగా రాకపోకలు సాగించడమే ఈ క్రీడకు కావలసిన నేర్పు.

4. భయం – దాని లోపం:
1979లో మిషిగన్ రాష్ట్రంలో ఒక విద్యార్థి అదృశ్యమైనప్పుడు, ఈ ఆటే కారణమన్న ఊహ పత్రికల్లో వ్యాపించింది. ఆ నేపథ్యంలో రోనా జాఫ్ 1981లో రాసిన ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’ నవలలో కథానాయకుడు తన్ను తాను మరచి పాత్రగా మిగిలిపోతాడు. మరుసటి ఏడాది అది టెలివిజన్ చిత్రంగానూ వచ్చింది. ఈ కల్పన ఫైన్ చూపిన రెండో స్థాయిని విస్మరించింది. లెక్కలు వేస్తూ, నియమాలపై వాదిస్తూ ఉండే ఆటగాడు వ్యక్తికీ పాత్రకూ నడుమ ఎప్పుడూ ఉంటాడు. అతణ్ణి తొలగిస్తే తప్ప ఆ నవల నడవదు.

5. ఊట:
అయితే స్థాయుల మధ్య గోడలు నీరు చొరనివి కావు. ఆటగాడి భావాలు పాత్రలోకి, పాత్ర భావాలు ఆటగాడిలోకి ఊరడాన్ని క్రీడా రూపకర్తలు ‘బ్లీడ్’ అంటారు. దీనిని తెలుగులో ‘ఊట’ అనవచ్చు. అభినవగుప్తుడు రసవిఘ్నాలలో ‘నిజసుఖాది వివశీభావా’న్ని పేర్కొన్నాడు. సొంత సుఖదుఃఖాలకు వశుడైనవాడికి రసాస్వాదం కలగదు. గానవాద్యాదుల రంజకత్వం ఆ విఘ్నాన్ని తొలగిస్తుంది. వట్టి బల్ల దగ్గర అలాంటి రక్షణ లేదు. తండ్రిని కోల్పోయిన ఆటగాడి ముందు పాత్ర తండ్రి మరణిస్తే, ఆ దుఃఖం సాధారణీకరణం చెందకుండా అతని సొంత దుఃఖంగానే మిగిలిపోవచ్చు.

ఆ లోటును ఒప్పందం పూరిస్తుంది. జాన్ స్టావ్‌రోపోలస్ రూపొందించిన ‘ఎక్స్ కార్డ్’ దీనికి ఉదాహరణ. బల్లపై ఉన్న ఆ కార్డును ఎవరు తాకినా, కారణం అడగకుండా ఆ అంశాన్ని విడిచి కథ సాగిస్తారు. ఎదుటివారి బాధకు రుజువు అడగకుండా దారి ఇవ్వడం ఇక్కడ అభ్యాసమవుతుంది. బల్ల విడిచాక వెంట రాగలిగేది ఇటువంటి అభ్యాసమే.

6. ప్రశంస – దాని పరిమితి:
సారా లిన్ బౌమన్ 2010లో వెలువరించిన గ్రంథంలో ఈ క్రీడలకు మూడు ప్రయోజనాలు చెప్పారు: సమూహ నిర్మాణం, సమస్యా పరిష్కారం, అస్తిత్వ అన్వేషణ. ఇవి కాదనలేనివే. కాని ఆటగాళ్ళ మాటలపై ఆధారపడే అధ్యయనానికి, బల్ల విడిచి వెళ్ళినవారి అనుభవం సులభంగా అందదు. ఫైన్ పరిశీలించిన బృందాలలో స్త్రీలు బహు కొద్దిమంది. స్త్రీ పాత్రలపై హింసను పురుష ఆటగాళ్ళు వినోదంగా కల్పించిన సందర్భాలనూ ఆయన నమోదు చేశారు. 1978 నాటి ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ స్త్రీ పాత్రల బలానికి పురుష పాత్రలకన్నా తక్కువ గరిష్ఠ పరిమితి విధించింది. 1989 నాటి రెండవ కూర్పులో ఆ భేదం తొలగింది. డ్రాగన్ ఎగరగల లోకంలో సైతం స్త్రీ బలానికి హద్దు గీసింది నిత్యజీవితమే. అంటే ఊట వ్యక్తుల భావాలకే పరిమితం కాదు. సమాజపు అలవాట్లు కూడా ఆటలోకి ఊరతాయి.

7. ముగింపు:
• పాత్రధారణ క్రీడ ఆటగాణ్ణి వాస్తవానికి దూరం చేస్తుందన్న భయం, మూడు చట్రాలలో ఒకదాన్ని విస్మరించిన ఫలితం.
• అది తనంతట తానే మనిషిని ఉదారుణ్ణి చేస్తుందన్న ప్రశంస కూడా అసంపూర్ణమే. బల్ల దగ్గరికి తెచ్చుకున్న వివక్షను ఆట ప్రశ్నించవచ్చు, లేదా సాధన చేయించవచ్చు.
• ఈ రెంటిలో ఏది జరుగుతుందన్నది ఎక్కువగా ఒప్పందంపై ఆధారపడుతుంది: ఎవరికి మాట దక్కుతుంది, ఎవరు ఆపగలరు, ఆపినప్పుడు తక్కినవారు వింటారా? ఈ క్రీడలను అధ్యయనం చేసే విమర్శ కథావస్తువుతోపాటు ఈ ప్రశ్నలనూ పరిశీలించాలి.