వెలిసిన గీతలు: ఒక్కడి బ్యాండు, పక్కన పెట్టిన పాటలు

సంగీతంలో 'రేరిటీస్' అనే మాట ఒకటుంది. ఒక కళాకారుడు రికార్డు చేసి, ఏ ఆల్బమ్‌లోనూ చేర్చకుండా పక్కన పెట్టేసిన పాటల్ని తర్వాతెప్పుడో ఒకచోట కూర్చి విడుదల చేస్తే దాన్ని రేరిటీస్ సంకలనం అంటారు. మనం ఫెయిర్ నోటు దిద్దించుకున్నాక రఫ్ నోటు కూడా టీచరు చేతికి ఇచ్చినట్టన్నమాట. అలా ఇవ్వొచ్చా? ఇస్తే చదివేవాళ్ళు దాన్ని ఏ కొలతతో కొలవాలి? ఈ ప్రశ్న పట్టుకునే 'యేజు' అనే ఇంగ్లండు బ్యాండు 2007లో విడుదల చేసిన 'పేల్ స్కెచెస్' గురించి రాస్తున్నాను. ఆ పేరును తెలుగులో 'వెలిసిన గీతలు' అనుకోవచ్చు. 2000 నుంచి 2007 వరకు పోగుపడిన ఎనిమిది పాటలు ఇందులో ఉన్నాయి.

బ్యాండు అన్నాను గానీ యేజు అంటే ముఖ్యంగా ఒక్క మనిషే. పేరు జస్టిన్ బ్రాడ్రిక్, 1969లో పుట్టాడు, బర్మింగ్‌హామ్ వాడు. హెవీ మెటల్‌కి పుట్టిల్లు కూడా ఆ ఫ్యాక్టరీల ఊరే. అక్కడి 'బ్లాక్ సబ్బాత్' బ్యాండు మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది. ఆ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు కట్టుకున్నాడు, తర్వాత్తర్వాత శ్రుతి కూడా దించి వాయించాడు. మెటల్‌లో వినిపించే ఆ బరువుకి అదొక ముఖ్య కారణం.

బ్రాడ్రిక్ పదహారు పదిహేడేళ్ళ వయసులోనే 'నేపామ్ డెత్' బ్యాండులో గిటారు వాయించాడు. వాళ్ళ 'స్కమ్' ఆల్బమ్ (1987) మొదటి వైపు అతనిదే గిటారు. ప్రపంచంలో అతి చిన్న పాటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన సుమారు ఒక్క సెకను పాట అందులోనే ఉంది. 1988లో జి.సి. గ్రీన్ అనే బేస్ గిటారిస్టుతో కలిసి 'గాడ్‌ఫ్లెష్' నడిపాడు. మొదట్లో అందులో డ్రమ్ములు వాయించడానికి మనిషి లేడు, ఆ పని యంత్రం చేసేది. 2002లో గాడ్‌ఫ్లెష్ ఆగిపోయింది. అంతకుముందు సంవత్సరం వచ్చిన 'హిమ్స్' ఆల్బమ్‌లో చివరి పాట పేరు 'యేజు'. ఆ పేరునే కొత్త పనికి పెట్టుకుని 2004లో 'హార్ట్ ఏక్' తెచ్చాడు. అందులో ఉన్నవి రెండే పాటలు, ఒక్కొక్కటీ ఇంచుమించు ఇరవై నిమిషాలు. ఒక సెకను పాటతో మొదలై ఇరవై నిమిషాల పాటకి చేరిన మనిషి అంటే, కొలతలతో ఆడుకునే ప్రయోగశీలి అని వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కడే బ్యాండు మొత్తం ఎలా వాయిస్తాడు అని మా తరగతిలో అడిగారు. పొరలు పొరలుగా. ముందు యంత్రంతో దరువు రికార్డు చేస్తాడు. అది వింటూ గిటారు వాయించి దానిపైన పెడతాడు. ఆ రెండూ వింటూ బేస్, ఆపైన కీబోర్డు, చివరికి గొంతు. మరి ఆ గిటారు ఎందుకలా గరగరలాడుతుంది? దానికి మన భౌతిక శాస్త్రం పుస్తకమే జవాబు చెబుతుంది. యాంప్లిఫయర్ మోయగలిగినదానికంటే బలమైన సంకేతం పంపితే ధ్వని తరంగం శిఖరాలు కోసుకుపోతాయి. గుండ్రంగా ఉండాల్సిన తరంగం చదునవుతుంది, అసలు స్వరంలో లేని అనుస్వరాలు ఎన్నో పుట్టుకొస్తాయి. చెవికి అది ఒక గోడలా తగులుతుంది. ఆ గోడ మీద బ్రాడ్రిక్ నెమ్మదిగా, దాదాపు జోలపాటలా పాడతాడు. యేజు ప్రత్యేకత ఇదే. తంబూరా మోతని వందరెట్లు పెంచి, దాని వెనకాల ఎవరో కూనిరాగం తీస్తున్నారనుకోండి, కొంచెం దగ్గరికి వస్తారు. నేను వింటుంటే పక్కగదిలోంచి అమ్మ "ఆ ఫ్యాను ఏంటే అలా మూలుగుతోంది?" అంది. విమర్శగా అదేమీ తప్పుకాదు. మూలుగు ఉంది. ఆ మూలుగులో రాగం ఉందా లేదా అన్నదే చూడాలి.

ఇక 'పేల్ స్కెచెస్'. యేజు మొదటి ఆల్బమ్ విన్నవాళ్ళు ఇది వినగానే గుర్తుపట్టే తేడా ఏమిటంటే, ఇక్కడ గోడ పలచబడింది. గిటారు బరువు తగ్గింది, ఎలక్ట్రానిక్ శబ్దాలు ముందుకొచ్చాయి. మొదటి పాట 'డోంట్ డ్రీమ్ ఇట్'లో నెమ్మదైన దరువు మీద మోత మబ్బులా కమ్ముకుంటుంది, గొంతు ఆ మబ్బు లోపల్నించి వస్తుంది. పాటల పేర్లు వరసగా చదివినా ఒక మనసు కనబడుతుంది: 'ఇక నేను వెళ్ళొచ్చా?', 'అంతా కడిగేయి', 'ఆటస్థలాలు ఖాళీ', 'వెలిసిపోయే ఆలోచనలు'. అన్నీ వదిలిపోయేవాటి గురించే. పక్కన పెట్టేసిన పాటల్లో ఇన్నిటికి అలాంటి పేర్లు ఉండటం నాకు యాదృచ్ఛికం అనిపించలేదు. 'ఆటస్థలాలు ఖాళీ' పాటలో తొందర అనేదే లేదు. వేసవి సెలవుల్లో బడి ఆవరణ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ నిశ్శబ్దానికి శబ్దం కట్టినట్టుంటుంది.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది, పాటలన్నీ ఇంచుమించు ఒకే నడకలో నడుస్తాయి. ఎనిమిదీ ఒకేసారి వింటే ఆరో పాటకి చెవి అలిసిపోతుంది. రెండోది, గొంతు మోతలో ఎంత మునిగిపోయిందంటే మాటలు పట్టుకోవడం కష్టం. భాష రాకపోవడం వల్ల కాదు, కలపడంలోనే అలా కలిపాడు. మూడోది నాకు ముఖ్యమైనది. కొన్ని పాటలు చెప్పాల్సింది చెప్పేశాక కూడా అదే తిప్పి తిప్పి వినిపిస్తాయి. అతనున్నప్పటి నేపామ్ డెత్‌లో ముగ్గురున్నారు, గాడ్‌ఫ్లెష్‌లో ముఖ్యంగా ఇద్దరున్నారు. "ఇక చాలు" అనే రెండో చెవి అక్కడుంది. గదిలో ఒక్కడే ఉన్నప్పుడు ఆ మాట అనేవాళ్ళు ఎవరు? ఒంటరి బ్యాండు బలం ఏమిటంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. బలహీనత కూడా అదే.

"అమ్ముడుపోని సరుకుని అభిమానులకి అంటగట్టడమేగా ఇది?" అని ఎవరైనా అడగొచ్చు. చాలా రేరిటీస్ సంకలనాల విషయంలో ఆ మాట నిజమే. ఒకే పాటకి రెండు మూడు రూపాలు, సగంలో ఆగిన ముక్కలు, కొంత హడావిడి. ఇక్కడ నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. బ్రాడ్రిక్ దీన్ని తన సొంత సంస్థ 'అవలాంచ్' నుంచి పరిమిత సంఖ్యలో వేశాడు. పేరులోనే 'గీతలు' అని చెప్పేశాడు, పూర్తయిన బొమ్మ అని ఎక్కడా నమ్మబలకలేదు. రఫ్ నోటు ఇస్తూ ఇది రఫ్ అని చెప్పడంలో ఒక మర్యాద ఉంది.

అంతకంటే పెద్ద కారణం మూడేళ్ళ తర్వాత తెలిసింది. 2010లో బ్రాడ్రిక్ ఈ పాటల్నే మళ్ళీ విప్పి, ఎలక్ట్రానిక్ సంగీతంగా తిరిగి కట్టి, 'పేల్ స్కెచర్' అనే కొత్త పేరుతో ఇంకో ఆల్బమ్ విడుదల చేశాడు. యేజు ఆల్బమ్‌లలో ఇమడలేక పక్కకి జరిగిన పాటలు చివరికి వేరే సంగీతానికి విత్తనాలయ్యాయి. అవి బాగులేక పక్కన పడినవి కావు, అప్పటికి వాటికి చోటు లేదు. పూర్తయిన ఆల్బమ్ మనకి కళాకారుడు ఎంచుకున్న దారిని చూపిస్తుంది. రేరిటీస్ సంకలనం అతను వెళ్ళకుండా వదిలేసిన దారుల్ని చూపిస్తుంది. 'పేల్ స్కెచెస్'లో అలాంటి దారి ఒకటి స్పష్టంగా కనబడుతుంది కాబట్టే, లోపాలున్నా ఇది వినదగ్గ సంకలనం అంటాను.

మనకి మార్కులు ఫెయిర్ కాపీకే పడతాయి. పడాలి కూడా, చదివేవాళ్ళకి శుభ్రమైనది ఇవ్వడం మన బాధ్యత. కానీ సంవత్సరం అయిపోగానే రఫ్ నోట్లన్నీ పాతపేపర్లవాడికి వేసేస్తాం. కొట్టేసిన లెక్కలో ఇంకో పద్ధతి ఉండొచ్చు, వ్యాసంలోంచి తీసేసిన పేరాలో ఇంకో వ్యాసం ఉండొచ్చు. ఒకటి రెండు పుస్తకాలైనా అటక మీద పెట్టుకుంటే నష్టం లేదు.

వినాలనుకునేవాళ్ళకి ఒక సూచన. నేరుగా దీనితో మొదలుపెట్టకండి. ముందు యేజు 2006లో తెచ్చిన 'సిల్వర్' వినండి, అందులో రాగం తేలిగ్గా చెవికెక్కుతుంది. తర్వాత 'హార్ట్ ఏక్'. ఆ రెండూ విన్నాక, ఈ సంకలనంలోంచి రోజుకి రెండు పాటల చొప్పున వినండి. శబ్దం మరీ పెంచకండి. ఇంట్లోవాళ్ళకి ఇది ఫ్యాను మోత కాదని ముందే చెప్పి పెట్టండి.