డన్ అంటే ఎవరికి డన్?

గుంటూరులో మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని ఆ శుక్రవారం పొద్దున్నే సపోర్ట్ నంబరుకు ఫోన్ చేశాడు. "ఏంటమ్మా, బాగుచేశామని రాత్రి మెయిలు పెట్టారు. ఇక్కడ చూస్తే రసీదులో పాత లాట్ నంబరే పడతా ఉంది. బయట లారీ నిలబడి ఉంది." ఫోనెత్తిన అమ్మాయి తన సీఆర్ఎం తెరిచి చూసింది. కేసు మూసేసి ఉంది. మూసింది ఆమె కాదు, ఆమె టీమ్‌లో ఇంకెవరూ కాదు.

ఈ కాలమిస్టు రాసిన స్క్రిప్టు.

అప్పట్లో అతను మాదాపూర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉండేవాడు. డెవలపర్ల టికెట్లన్నీ జిరాలో, కస్టమర్ల కేసులన్నీ సేల్స్‌ఫోర్స్‌లో. రెండింటికీ మధ్య ఒక కుర్రాడు. రోజూ సాయంత్రం ఇక్కడి స్టేటస్ చూసి అక్కడ టైపు చేయడం అతని పని. అతను జ్వరమొచ్చి పడుకుంటే కస్టమర్లకు జవాబుండేది కాదు. ఈ చాకిరీ తప్పిద్దామని కాలమిస్టు రెండు వారాంతాలు కూర్చున్నాడు. జిరాలో టికెట్ 'డన్' కాలమ్‌లోకి జరగ్గానే సేల్స్‌ఫోర్స్‌లో కేసు 'క్లోజ్‌డ్' అవుతుంది, కస్టమర్‌కు మెయిలు వెళ్లిపోతుంది. డెమో చూపించిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు కూడా.

డెవలపర్ల దృష్టిలో డన్ అంటే కోడ్ రాశాం, ఇంకొకరు చూశారు, మెయిన్ బ్రాంచ్‌లో కలిపేశాం అని. దాన్ని టెస్టింగ్‌వాళ్లు చూడాలి, మంగళవారం రిలీజ్‌లో ఎక్కాలి, ఆ తర్వాత గుంటూరులోని కంప్యూటర్‌లో అప్‌డేట్ కావాలి. సపోర్ట్ అమ్మాయికి క్లోజ్‌డ్ అంటే ఇవన్నీ అయిపోయి ఆ పెద్దమనిషి సరేనన్నాడని. లగ్నపత్రిక రాసుకున్న సాయంత్రమే విస్తళ్లు వేశాం రమ్మని ఊరంతా కబురు పెట్టినట్టయింది. ఉపకరణాల్లో లోపమేమీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేశాయి, అదే వచ్చిన చిక్కు.

ఈ రెండు లోకాలూ పుట్టుకలోనే వేరు. సేల్స్‌ఫోర్స్ 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమ్మకాలవాళ్ల డైరీకి బదులుగా పుట్టింది. జిరా 2002లో సిడ్నీలోని అట్లాసియన్ చేతుల మీదుగా వచ్చింది. అంతకుముందు వాళ్లు బగ్‌లు రాసుకోవడానికి బగ్‌జిల్లా వాడేవారు. ఆ పేరు మీద సరదాగా గాడ్జిల్లాకు జపాన్‌వాళ్లు పిలుచుకునే గోజిరా అన్న పేరెత్తుకుని, ముందక్షరం కోసేసి జిరా అన్నారు. ఒకదానికి మనిషి లెక్క, ఇంకోదానికి పని లెక్క. రెంటినీ కలిపే పేరయ్యలకు ఎంత గిరాకీ అంటే, ఆ పనే చేసే మ్యూల్‌సాఫ్ట్‌ను 2018లో సేల్స్‌ఫోర్స్ సుమారు 650 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అమీర్‌పేటలో సేల్స్‌ఫోర్స్ కోర్సు బోర్డులకు కొదవ లేదు. ఏపీఐని ఎలా పిలవాలో అక్కడ శ్రద్ధగానే నేర్పుతారు. డన్ అంటే ఏమిటో మాత్రం ఏ కంపెనీకి ఆ కంపెనీ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

తీగలు కలపడం తేలికని కాదు. ఉత్తరమొచ్చిందా అని గంటకోసారి పోస్టాఫీసుకు వెళ్లి అడగడం పాత పద్ధతి. పోస్ట్‌మ్యానే వచ్చి తలుపు తట్టడం వెబ్‌హుక్. ఆ మాటకు 2007లో జెఫ్ లిండ్సే ప్రాణం పోశాడు. అయితే ఈ పోస్ట్‌మ్యాన్‌కు ఓపిక తక్కువ. గిట్‌హబ్ వెబ్‌హుక్‌కు 10 సెకన్లలో జవాబివ్వకపోతే అందలేదని రాసుకుని వెళ్లిపోతుంది, తనంతట తాను మళ్లీ రాదు. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు ఉత్తరం పుచ్చుకుని క్యూలో పడేస్తారు, తీరిగ్గా తర్వాత చదువుతారు.

ఇంకో గమ్మత్తు ఐడీలది. సేల్స్‌ఫోర్స్‌లో కేసు ఐడీ 500తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు. అందులో పెద్ద 'ఏ' వేరు, చిన్న 'ఏ' వేరు. ఎక్సెల్‌లో వీలుకప్‌కు ఆ తేడా పట్టదు. కుర్రాడి పాత షీట్లను కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడు కాలమిస్టుకు ఒకరి కేసు ఇంకొకరి టికెట్‌కు తగులుకున్నట్టు కనిపించి అర్ధరాత్రి చెమటలు పట్టాయి. చివర మూడు అక్షరాలు చేర్చిన 18 అక్షరాల ఐడీ ఉన్నది సరిగ్గా ఈ బాధ తప్పించడానికే. అది వాడాక షీట్లు దారికొచ్చాయి.

జిరా మారితే సేల్స్‌ఫోర్స్ మారడం, అది మారిందని మళ్లీ జిరా మారడం, ఈ గానుగ కూడా ఒక రాత్రి తిరిగింది. కనెక్టర్‌కు వేరే లాగిన్ ఇచ్చి, ఆ పేరుతో జరిగిన మార్పులను పట్టించుకోవద్దన్నాక ఆగింది. కామెంట్లను కూడా అటు పంపుదామా అని ఎవరో అడిగితే, టికెట్లలో డెవలపర్లు కస్టమర్ల గురించి రాసుకున్నవి ఓ పది చదివి వినిపించాడు. ఇక ఆ ఊసెత్తలేదు.

శుక్రవారం గొడవ తర్వాత డెవలపర్లనీ సపోర్ట్‌వాళ్లనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. స్క్రిప్టులో మారినవి పదిహేను లైన్లు. దానికి ముందు మాట్లాడుకున్నది రెండు పూటలు. చివరకు డన్‌ను వదిలేశారు. జిరాలో ఆ వెర్షన్ రిలీజైందని నమోదైనప్పుడే కబురు అటు వెళుతుంది. వెళ్లినా కేసు మూతపడదు. 'కస్టమర్‌కు ఫోన్ చేయాలి' అన్న వరుసలోకి వస్తుంది. మెయిలు డ్రాఫ్టుగానే ఉంటుంది. పంపే బటన్ మనిషిదే. అంతా ఆటోమేటిక్ కావాలన్న మేనేజరుకు ఇది నచ్చలేదు. కాలమిస్టుకు మాత్రం ఆ ఒక్క అడుగునూ చేత్తో చేయించడమే మొత్తం పనిలో తెలివైన భాగమనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

మంగళవారం రిలీజైంది. బుధవారం ఆ అమ్మాయి గుంటూరుకు ఫోన్ చేసింది. "సార్, ఒక్క రసీదు ప్రింటు తీసి చూస్తారా?" అవతల ప్రింటర్ గరగరమన్న చప్పుడు ఫోన్లో వినిపించింది. "లాట్ నంబరు సరిగ్గానే పడిందమ్మా. మరి బస్తాల లెక్క పక్క గడిలోకి జరిగిందేంటి?"

ఆమె పాత కేసు మూసి కొత్తది తెరిచింది. సేవ్ నొక్కేసరికి జిరాలో 'టు డూ' కింద కొత్త టికెట్ వచ్చి కూర్చుంది.