'సారసెనిక్': ఒక విశేషణం, ఒక భవనం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనాన్ని పరిచయం చేసే తెలుగు రచనల్లో 'ఇండో-సారసెనిక్ శైలి' అన్న మాట అర్థవివరణ లేకుండానే చెలామణి అవుతుంది. ఆ విశేషణం చరిత్రను పరిశీలిస్తే దాని ఔచిత్యం ప్రశ్నార్థకమవుతుంది.

క్రీస్తుశకం తొలి శతాబ్దాల గ్రీకు, లాటిన్ రచయితలు అరేబియా ఎడారి ప్రాంతపు తెగలను 'సారసెన్లు' అన్నారు. ఆ మాట వ్యుత్పత్తిపై ఏకాభిప్రాయం లేదు. తూర్పు అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చిందన్నది ఒక ప్రతిపాదన. క్రూసేడుల నాటికి ఐరోపాలో అది ముస్లింలందరికీ శత్రుభావంతో వాడే పేరయింది. ముస్లింలు మాత్రం తమను ఆ పేరుతో పిలుచుకోలేదు. జేమ్స్ ఫెర్గుసన్ 1876 నాటి తన వాస్తుచరిత్రలో భారతదేశపు ముస్లిం పాలకుల కట్టడాలకు దీన్ని వర్తింపజేశాడు. అనంతరం బ్రిటిష్ వాస్తుశిల్పుల మిశ్రమశైలి భవనాలకు 'ఇండో-సారసెనిక్' అన్న పేరు స్థిరపడింది.

మద్రాసు సెనేట్ హౌస్ వంటి వాటికి ఆ పేరు చారిత్రకంగా చెల్లుతుంది. ఆర్ట్స్ కళాశాల విషయం వేరు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనలో 1934లో మొదలై 1939లో ప్రారంభమైన ఈ భవనంలో అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలూ, కమానులూ కలిసి ఉన్నాయి. 'ఇండో', 'సారసెనిక్' అని విడదీయగానే స్తంభం స్వదేశీ, కమాను పరదేశీ అవుతాయి. బహమనీ రాజ్యం 1347లో ఏర్పడింది. చార్మినార్ 1591 నాటిది. శతాబ్దాలుగా దక్కనులో నిలిచిన కమానును ఈ విశేషణం పరాయిదిగా లెక్కిస్తుంది. ఇది కట్టడాన్ని వర్ణించదు. చూసేవారు ఎక్కడ నిలబడి చూస్తున్నారో చెబుతుంది.

క్యాంపస్‌ను ఆనుకొని ఉన్న తార్నాక పేరు ఇందుకు భిన్నం. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకి; తీగ కంచె ఉన్న చోటి చౌకి అన్నది ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తి. మాటలు ఉర్దూవే అయినా తెలుగువారెవరూ దాన్ని పరాయి పేరుగా ఎంచరు. కంటికి కనిపించినదాన్ని స్థానికులు చెప్పుకున్న పేరది.

ఉర్దూ మాధ్యమంగా 1918లో ఆరంభమైన ఈ విశ్వవిద్యాలయం కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. ఆధునిక శాస్త్రాలకు దేశభాషలో పదాలు సమకూర్చడం దాని పని. అటువంటి విద్యాపీఠపు ప్రధాన భవనాన్ని అరువు మాటతో సరిపెట్టడం తెలుగు పరిశోధనకు తగదు. 'దక్కనీ శైలి' అందామంటే, జాస్పర్‌కు ఈజిప్టు నిర్మాణాల అనుభవం ఉంది కనుక అదీ అసంపూర్ణమే. స్తంభం, కమాను, గవాక్షం ఏ సంప్రదాయం నుంచి వచ్చాయో విడివిడిగా చెప్పడమే సరైన వర్ణన. దానికి బదులుగా ఒక శైలీనామాన్ని వాడినంత మాత్రాన పరిశీలన పూర్తయినట్లు కాదు.