శోకం ఓటమేనా? బాఖ్ ‘షకోన్’లో స్వరం, నడక, భావం

మన సమీక్షల్లో ఒక సులువైన అలవాటు పాతుకుపోయింది. కవిత నడక మందంగా ఉండి, అందులో చీకటి, చావు, కన్నీరు కనిపిస్తే “నిరాశావాదం” అని ముద్ర వేస్తాం. నడక వేగంగా ఉండి సూర్యోదయంతో ముగిస్తే “ఆశావహం” అని మెచ్చుకుంటాం. పదిహేనేళ్ల క్రితం ఒక యువకవి స్మృతికావ్యాన్ని నేనూ ఇలాగే తీసిపారేశాను. ఆ తీర్పు తప్పని నాకు తెలియజెప్పింది ఒంటి వయొలిన్ మీద వాయించే ఒక సంగీత రచన. అందుకే దాన్ని గురించి ఈ నాలుగు మాటలు.

ఆ రచన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ‘షకోన్’. పక్కవాద్యం లేని వయొలిన్ కోసం బాఖ్ కూర్చిన ఆరు రచనల స్వహస్తప్రతి మీద 1720 అని ఉంది. వాటిలో డి మైనర్ స్వరమేళంలో సాగే రెండో ‘పార్టీటా’కు ఇది చివరి భాగం.

ముందు స్వరమేళం సంగతి చూద్దాం. పాశ్చాత్యుల మైనర్ మన నఠభైరవికి, మేజర్ ధీరశంకరాభరణానికి దగ్గరగా ఉంటాయి. వాటిని వేరుచేసే ముఖ్యమైన స్వరం గాంధారం: మైనర్‌కు సాధారణ గాంధారం, మేజర్‌కు అంతర గాంధారం. మైనర్ దుఃఖానికి, మేజర్ సంతోషానికి అని పాఠాలు చెబుతారు. ‘షకోన్’లో మొదటి 132 బార్లు మైనర్, తర్వాత 76 బార్లు మేజర్, ఆపైన చివరిదాకా మళ్ళీ మైనర్. బారంటే మన తాళావర్తం వంటిది. పాఠం ప్రకారం ఇది దుఃఖం, సంతోషం, మళ్ళీ దుఃఖం కావాలి. చెవి మాత్రం ఆ లెక్కను ఒప్పుకోదు. మేజర్ భాగం ఉత్సవంలా మొదలుకాదు. గొంతు తగ్గించి మాట్లాడే మనిషిలా మొదలవుతుంది. పోనుపోను ఒకే స్వరాన్ని వెంటవెంటనే పలికిస్తూ దూరాన మోగే కొమ్ములా లేస్తుంది. దాని వెనుక, దాటి వచ్చిన దుఃఖమంతా ఉంది. మైనర్ తిరిగి వచ్చినప్పుడు స్వరాలు పాతవే అయినా అర్థం పాతది కాదు. మధ్యలో మనం ఒక వెలుగును చూసి వచ్చాం. ఇక ముగింపులో బాఖ్ ఒక్క డి స్వరాన్నే మిగులుస్తాడు. మైనరో మేజరో తేల్చిచెప్పే గాంధారం అక్కడ లేదు!

స్వరమేళానికి భౌతికమైన ఆధారం కూడా ఉంది. మన విద్వాంసులు వయొలిన్‌ను స-ప-స-ప గా శ్రుతి చేస్తారు. పాశ్చాత్యుల తీగలు జి, డి, ఎ, ఇ. డిని ఆధారషడ్జం చేసుకుంటే షడ్జ పంచమాలు రెండూ వేలు ఆనని తీగల మీదే మోగుతాయి. నాలుగు తీగలు, ఒక కమాను, నాలుగు వేళ్లు — ఈ హద్దుల్లోనే ఒక్క వాద్యం అనేక గొంతులను పలుకుతుంది. భావం గాలిలోంచి ఊడిపడలేదు.

ఇక నడక. ఎంత వేగంతో వాయించాలో ఈ రచన మీద బాఖ్ రాయలేదు. దీన్ని 13 నిమిషాల్లో ముగించేవారూ ఉన్నారు, 15 నిమిషాలు దాటించేవారూ ఉన్నారు. మూడు దెబ్బల తాళం. మొదటి దెబ్బ నిశ్శబ్దంలో పడుతుంది, పాట రెండో దెబ్బ మీద ఎత్తుకుంటుంది. నాలుగు బార్ల అల్లిక 60కి పైగా సార్లు, ప్రతిసారీ మారుతూ, తిరిగి వస్తుంది. తాళం మారకుండానే మన రెండో కాలం, మూడో కాలంలా స్వరాలు కిక్కిరిసి పరుగెత్తుతాయి. వేగం పెరిగినచోట దుఃఖం తగ్గిందా? లేదు, ఇంకా పదునెక్కింది.

ఈ తాళానికి పుట్టుక కూడా ఉంది. 1600 ప్రాంతంలో స్పెయిన్‌లో ‘చకోన’ జనం ఆడిపాడే కొంటె నృత్యం. అమెరికా వలసల నుంచి వచ్చిందని చెప్పుకునేవారు. నీతిబోధకులు దాన్ని ఈసడించుకున్నారు. ఆ శతాబ్దంలోనే అది ఫ్రాన్సుకు చేరి, 14వ లూయీ ఆస్థానంలో లుల్లీ ఒపెరాలకు రాజసమైన నృత్యమైంది. తర్వాత బాఖ్ చేతిలో ఈ గంభీర రూపం తీసుకుంది. వీధిలో ఎగతాళి, కొలువులో దర్పం, ఇక్కడ శోకం: మూడింటినీ మోసింది ఒకే నృత్యరూపం. అలాంటప్పుడు తాళంలోనే భావం స్థిరంగా కూర్చుని ఉందని ఎలా అంటాం?

కొందరు దీన్ని బాఖ్ జీవితంలోంచి నేరుగా తీస్తారు. 1720 జూలైలో, తాను ప్రభువు వెంట కార్ల్స్‌బాడ్‌లో ఉండగా, భార్య మరియా బార్బరా చనిపోయింది. కనుక ఇది ఆమెకు స్మృతిగీతం అంటారు. దానికి రుజువు లేదు. అంతకుముందు, 1717లో, కొలువు వదిలిపోతానని పట్టుబట్టినందుకు వైమార్ డ్యూక్ బాఖ్‌ను దాదాపు నెలరోజులు నిర్బంధించాడు. అంతమాత్రాన ఇది ఖైదీ గీతం అనగలమా? జీవితానికీ రచనకూ సంబంధం లేదనడం భావవాదం. ఒక సంఘటనను ఒక రచనకు మేకు కొట్టినట్టు బిగించడం యాంత్రికత. అభ్యుదయ విమర్శకు ఈ రెండూ పనికిరావు.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఆ యువకవి కావ్యంలో పోయినవారి పేర్లు పల్లవిలా తిరిగి తిరిగి వస్తాయి. “పునరుక్తి, నిస్పృహ” అని రాశాను. మొన్న మళ్ళీ చదివాను. మొదటి పుటలో ఏడుపైన పేరు, మధ్యలో ప్రశ్న అయింది, చివర సాక్ష్యమైంది. పేరు మారలేదు, దాని పని మారింది. నేను నడకను కొలిచి, ప్రయాణాన్ని చూడలేదు.

కనుక సాహిత్య విద్యార్థులకూ, సమీక్ష రాసే మిత్రులకూ నా మనవి ఒక్కటే. రచన విషాదమా, ఉత్సాహమా అని అడిగి ఊరుకోకండి. ఆ భావం ఎక్కడ మొదలైంది, దేన్ని దాటింది, తిరిగి వచ్చినప్పుడు ఏమై వచ్చింది అని అడగండి. శోకించే మనిషి ఓడిపోయిన మనిషే కానక్కర్లేదు. పోగొట్టుకున్నదాని విలువ తెలిసినవాడే శోకిస్తాడు, దానికోసం నిలబడేదీ అతడే.